‘పర్వాలేదు’ అని రాసిన సిఫారసు

ఎల్వెస్టాడ్, మినెసోటా
1974 ఆగస్టు 26, సోమవారం

చెల్లాయి రాగ్నాకు, అన్న సిగ్వర్డ్ దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, నా మోకాలు, వంటింటి గడియారం ఎవరి తీరున వాళ్లం నడుస్తున్నాం. ముగ్గురిలో గడియారమే కాస్త నయం. అక్కడ నువ్వూ, సోల్వైగ్, అల్లుడూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. సముద్రపు గాలి నీ ఊపిరికి పడుతోందన్నావు. ఉండు, అక్కడే ఉండు. ఇక్కడి గాలి ఎవరికీ పడదు. మనకి అలవాటైంది, అంతే.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు రాస్తాను. మోకాలికి కోత అక్కర్లేదన్నాడు డాక్టరు. డెబ్బై ఆరేళ్ల మోకాలి మీద అంత శ్రమ దండగ అనుకున్నాడు కాబోలు. అమ్మ పాటల పుస్తకం నా దగ్గరే ఉంది, అట్ట ఊడింది. కొత్త పాస్టరు ప్రసంగం ఎలా ఉందని అడిగావు. గిటారు వాయించే కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని మాట్లాడతాడు. గిటారు ఆగినప్పుడు ప్రసంగం కూడా ఆగితే బాగుండునని నా కోరిక. హాల్వర్ సమాధి దగ్గర గడ్డి కోయించాను. బావ పేరు మీద నాచు పట్టింది, నేనే గీకాను.

ఇక అయిదో ప్రశ్న. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. దాన్ని పళ్లెం కింద పెట్టి, తీసి, చదివి, మళ్లీ పళ్లెం కిందే పెడుతున్నాను.

అక్టోబరు పన్నెండున మన కాలేజీ మైదానానికి కోచ్ కుబాట్స్కీ పేరు పెడుతున్నారు. రాతిపలక మీద కప్పిన గుడ్డ తొలగించడానికి యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తల్లిగా నిన్ను రమ్మన్నారు. ‘నా కొడుకును చావుకు పంపిన మనిషి పేరు నా చేత్తో నేను చూపించాలా అన్నయ్యా? రానని జాబు రాసి బల్ల మీద పెట్టుకున్నాను. నువ్వు ఔనంటే పోస్టులో వేస్తాను’ అని రాశావు. ఎందుకు రావడం లేదో కూడా ఆ జాబులో స్పష్టంగా రాశానన్నావు. దాన్ని కాలేజీ పత్రికలో అచ్చు వేయమని అడుగుతానన్నావు.

వేయకు. ఈ ఉత్తరం ఆఖరి దాకా చదివి, ఆ తరవాత నీ ఇష్టం.

కాలేజీ వాళ్లు ఈ సందర్భానికి ఒక పుస్తకం వేశారు. జుట్టు కాలరు దాటిన ఒక యువకుడు నా దగ్గరకొచ్చి, నేను పోసిన కాఫీ మూడు కప్పులు తాగి, నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్కా రాయకుండా వేశాడు. ‘1939 నుంచి 1949 దాకా మన ఫుట్‌బాల్ జట్టు మహోజ్జ్వల యాత్ర’ అని ఒక అధ్యాయం. రోమన్ చక్రవర్తుల పొగడ్తలు చదివి చదివి విసిగిపోయినవాణ్ణి నేను. అయినా ఆ పొగడ్తల్లో కనీసం వ్యాకరణం ఉండేది. ఇందులో 1943, 44 సంవత్సరాలకు ‘స్వల్ప విరామం’ అని రాశాడు. స్వల్ప విరామమట! ఆ స్వల్ప విరామంలో మన జట్టు వాళ్లు పదకొండు మంది పోయారు. పదకొండు మంది అంటే ఒక జట్టు, రాగ్నా. మైదానంలో ఒకేసారి నిలబడే జట్టు.

నేను లాటిన్ చెప్పుకుంటూనే పదేళ్లు ఆ జట్టు వ్యవహారాలు చూసినవాణ్ణి. రైలు టికెట్లు కొన్నది, మరమ్మతుకు తోలు టోపీలు పంపింది, మోకాళ్లకు కట్లు కట్టింది నేను. అందుకని నేను రాస్తాను. చదివేది నువ్వొక్కతివే అయినా రాస్తాను.

1939లో కుబాట్స్కీ వచ్చాడు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊరివాడు, పోలిష్ కుటుంబం, కేథలిక్కు. చిన్నప్పుడు గనిలో పేలుడుకు ఎడమ చెవి పోయింది. అందుకే యుద్ధానికి తీసుకోలేదు, అందుకే మాట్లాడితే పొలాల అవతలికి వినపడేది. నార్వే నుంచి వచ్చి మూడు తరాలుగా నోరు మూసుకుని బతుకుతున్న మన ఊళ్లో ఆ గొంతు ఎలా ఉండేదో నీకు గుర్తుండే ఉంటుంది. పిల్లవాడు బంతిని పట్టుకుంటే ‘అద్భుతం!’ అనేవాడు. జారవిడిస్తే ‘అద్భుతంగా జారవిడిచావురా నాయనా, మళ్లీ పరుగెత్తు’ అనేవాడు. మొదటి ఏడు రెండు ఆటలు గెలిచాం. డీన్ ఫ్లాటెన్ నన్ను పిలిచి, “సిగ్వర్డ్, ఆ మనిషిని కాస్త చప్పుడు లేకుండా గెలవమను” అన్నాడు. అది హాస్యం కాదు.

1940లో నీ ఐనార్ చేరాడు. మీ పొలం నుంచి అయిదు మైళ్లు నడిచి వచ్చేవాడు, సంచిలో ఉడికించిన బంగాళాదుంపలు తెచ్చుకునేవాడు. ఆదివారాలు మా ఇంట్లో భోజనం. నా భార్య పోయిన తరవాత ఆ బల్ల దగ్గర రెండో కుర్చీలో కూర్చున్నది వాడొక్కడే. 1941లో ఎనిమిది ఆటల్లో ఏడు గెలిచాం. వరస చివర నిలబడి పరుగెత్తే స్థానం వాడిది. విసిరిన బంతిని వెనక్కి తిరిగి చూడకుండా, భుజం మీదుగా చేతుల్లోకి తీసుకునేవాడు. డిసెంబరులో హవాయి మీద బాంబులు పడ్డాయి. మరుసటి వారం గణితం తరగతిలో సగం బెంచీలు ఖాళీ.

1942 సెప్టెంబరులో ఇరవై ఎనిమిది మంది. నవంబరు ఆఖరు ఆటకు పదిహేను మంది. శనివారం ఆట, సోమవారం ఇద్దరు మాయం. సామాన్ల గదిలో వాళ్ల చొక్కాలు కొక్కేలకు అలాగే వేలాడేవి. ఎవరూ వీడ్కోలు చెప్పేవాళ్లు కారు. మనవాళ్లకు అది చేతకాదు కదా. వెళ్లేవాడు బూట్లు మాత్రం తుడిచి వరసలో పెట్టి పోయేవాడు. బూట్లు మెరుస్తున్నాయంటే ఆ మనిషి వెళ్లిపోయాడని అర్థం. ఆఖరు ఆటలో మావాడొకడికి కాలర్ బోన్ విరిగింది, బదులు దింపడానికి దెబ్బలు తగలని మనిషి మిగల్లేదు. చెయ్యి చొక్కాలో దోపుకుని ఆడాడు. కుబాట్స్కీ గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. మన పెద్దలు అది చూసి మొహాలు తిప్పుకున్నారు. పిల్లవాడి ఎముక చూసి కాదు, మగవాడు ఏడ్చినందుకు.

1943 ఆగస్టులో తొమ్మిది మంది వచ్చారు. జట్టు రద్దయింది. 44లో మైదానం దున్ని వంటశాలకు బంగాళాదుంపలు వేశారు. పుస్తకంలో ఈ దుంపల మాట లేదు. 45లో పదిహేడేళ్ల పసివాళ్లనూ, పాస్టర్లు కాబోయే విద్యార్థులనూ కలిపి ఒక జట్టంటూ నిలబెట్టాం. మొదటి ఆట అరవై ఒకటి, సున్నా. సున్నా మనది. ఆ పాస్టర్లలో ఒకడు ఇప్పుడు బిషప్. ఆనాడు ఎదుటి జట్టువాడు మీదికి పరుగెత్తుకొస్తుంటే తప్పుకుని దారిచ్చి, ‘నేను హింసకు వ్యతిరేకిని’ అన్నాడు. ఈ మధ్య పత్రికలో తన ఆట రోజుల ధైర్యం గురించి వ్యాసం రాశాడు. చదివి నవ్వుకోడానికి కూడా ఓపిక లేకపోయింది.

46లో యుద్ధం నుంచి వచ్చినవాళ్లు చేరారు. పాతికేళ్లు దాటిన మగవాళ్లు. విరామంలో సిగరెట్లు తాగేవాళ్లు. ఒకడికి గాజు కన్ను. ఒకడు పిల్లను బండిలో తోసుకుంటూ అభ్యాసానికి వచ్చేవాడు. కుబాట్స్కీ, “పరుగెత్తండ్రా, చావొచ్చినట్టు పరుగెత్తండి!” అని అలవాటుగా అరిచాడు మొదటి రోజు. గాజు కన్నువాడు ఆగి, “అప్పుడు పరుగెత్తం కోచ్, పడుకుంటాం” అన్నాడు. అందరూ నవ్వారు. కుబాట్స్కీ నవ్వలేదు. ఆ తరవాత ఆ మాట మళ్లీ అనలేదు. ఆ ఏడు ఒక్క ఆటా ఓడలేదు. గెలిచినప్పుడు ఎగిరి గంతులేసిందీ లేదు. స్నానం చేసి ఇళ్లకు పోయేవాళ్లు, భార్యలు భోజనానికి ఎదురుచూస్తుంటారని. పుస్తకంలో ‘మహోజ్జ్వలం’ అన్నది దీన్నే. నేను చూసింది అలిసిపోయిన మనుషులు ఒక పని శుభ్రంగా ముగించడం.

47, 48 కూడా మంచి సంవత్సరాలే. 49 వసంతంలో కుబాట్స్కీని తీసేశారు. ఎందుకో పుస్తకంలో లేదు. నీకు తెలుసు. బోర్డులో హాల్వర్ ప్రతిపాదించాడు, ఫ్లాటెన్ బలపరిచాడు. ‘మన సంఘానికి తగిన నడవడి కాదు’ అన్నారు. కార్యదర్శిగా నేను, ‘కృతజ్ఞతలతో సెలవు ఇవ్వడమైనది’ అని రాశాను. బావ ఎందుకు ప్రతిపాదించాడో నీకూ నాకూ తెలుసు. ఇప్పుడు దానికే వస్తున్నాను. చుట్టూ తిరిగి తిరిగి వస్తున్నాను. విసుక్కోకు.

1944 జూన్‌లో ఐనార్ కోసం జరిపిన ప్రార్థన గుర్తుందా? గుర్తుందా అని నిన్ను అడగడమేమిటి! ఇటలీ నుంచి తంతి వచ్చి మూడు వారాలైంది. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో కాఫీ. నువ్వు నల్ల బట్టల్లో బల్ల పక్కన నిలబడ్డావు. ఎవరూ నీతో ఏమీ అనడం లేదు. అందరూ నీ చేతిలో కేకు ముక్క పెట్టి పోతున్నారు. నీ పళ్లెంలో ఆరు ముక్కలు చేరాయి. అప్పుడు నన్ను పక్కకు పిలిచావు.

“అన్నయ్యా, వాడి కళ్లు బాగాలేవని నౌకాదళం వద్దందని కదా నువ్వు చెప్పావు?”

“ఊఁ.”

“సైన్యం వాళ్లు పంపిన సామాన్లలో తుపాకీ గురికి ఇచ్చిన పతకం ఉంది. కళ్లు బాగాలేనివాడికి గురి పతకం ఇస్తారా?”

నేను కాఫీలో చక్కెర కలిపాను.

“ఎందుకు వద్దన్నారు వాణ్ణి? నౌకాదళం ఆఫీసరు చదువుకు తీసుకునుంటే ఇంకా కాలేజీలోనే ఉండేవాడు. ఎందుకు వద్దన్నారు?”

“సిఫారసు బలంగా లేదేమో.”

“ఎవరు రాశారు సిఫారసు?”

నేను హాలు అవతల, తలుపు దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డ కుబాట్స్కీ వైపు చూశాను. అంతే చేశాను. ఒక్క మాట అనలేదు. మనవాళ్లకు చూపు చాలు. నీకూ చాలింది.

నువ్వు ఆ పళ్లెం పట్టుకునే నేరుగా అతని దగ్గరకు నడిచావు. మన ఊళ్లో ఒక ఆడమనిషి చర్చిలో గొంతెత్తడం అంతకు ముందు ఎవరూ వినలేదు.

“నీ ఆట కోసం వాణ్ణి ఆపావా? మంచిమాట ఒక్కటి రాయడానికి నీకు చెయ్యి రాలేదా? రోజంతా అరుస్తావే, కాగితం మీదకొచ్చేసరికి గొంతు పడిపోయిందా?”

కుబాట్స్కీ నిన్ను చూశాడు. తరవాత నీ భుజం మీదుగా నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ పెద్ద గొంతుతో ఏం అంటాడోనని నేను కప్పు బల్ల మీద పెట్టేశాను.

“క్షమించండమ్మా,” అన్నాడు. అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నువ్వు ముప్పై ఏళ్లుగా ఆ క్షమించండిని ఒప్పుకోలు అనుకుంటున్నావు.

సిఫారసు రాసింది నేను, రాగ్నా.

నౌకాదళం వాళ్లు కోచ్‌ల మాట లెక్కలోకి తీసుకోబోమన్నారు. చదువు చెప్పిన ఒక ఆచార్యుడు రాయాలన్నారు. అయినా కుబాట్స్కీ అడక్కుండానే రెండు పేజీలు రాసి జతచేశాడు, మేనమామ రాసిన సిఫారసుకు విలువుంటుందో లేదోనని భయపడి. ఇంటిపేర్లు వేరు కాబట్టి నేను మేనమామనని వాళ్లకు తెలియదు. 1943 ఏప్రిల్లో నేను రాసింది ఒకే వాక్యం. ‘ఈ విద్యార్థిని మూడేళ్లుగా ఎరుగుదును, పర్వాలేదు.’ కింద సంతకం.

నీకు ఆ మాట విలువ తెలుసు. నేను విశ్వవిద్యాలయంలో అందరికన్నా ముందు వచ్చానని కాగితం తెచ్చి చూపిస్తే నాన్న చదివి, మడిచి, “పర్వాలేదు” అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి సంతోషంతో కళ్లు తుడుచుకుంది. నీ పెళ్లిలో నీ కేకు గురించి నాన్న అన్నదీ అదే. పెళ్లివారు ఏడాదిపాటు చెప్పుకున్నారు. మన ఇళ్లలో అంతకన్నా పెద్ద మాట లేదు. అంతకన్నా పెద్దమాట ఎవరైనా వాడితే ఏదో అమ్మజూపుతున్నాడని అనుమానిస్తాం.

చికాగోలో బల్ల వెనక కూర్చుని ఆ కాగితం చదివిన ఆఫీసరు మనవాడు కాదు. అతనికి పర్వాలేదంటే పర్వాలేదనే. అంటే పనికిరాడని. ఐనార్ తిరిగొచ్చి నాతో చెప్పాడు, మా వంటింటి గుమ్మంలో నిలబడి.

“మావయ్యా, వద్దన్నారు.”

“ఎందుకట?”

“చెప్పలేదు. ఒకాయన నా కాగితం చదివి పక్కాయనకి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఆచార్యులెవరో నా గురించి మంచిమాట రాయలేకపోయారట. మీరు కాదుగా రాసింది?”

“కళ్లై ఉంటాయి,” అన్నాను. “దీపం దగ్గర చదివి చదివి పాడుచేసుకున్నావు. కళ్లని చెప్పు మీ అమ్మతో.”

వాడు నా మొహంలోకి చూశాడు. ‘సరే మావయ్యా’ అన్నాడు. పొయ్యి మీద సూపు ఉంది, తిని వెళ్లమన్నాను. తిన్నాడు. గిన్నె కడిగి పెట్టాడు. మరుసటి గురువారం, పొలం పనివాళ్లకు సైన్యం నుంచి ఇచ్చే మినహాయింపు తనకు వద్దని చెప్పి సైన్యంలో చేరిపోయాడు. పనికిరానివాడిగా ఇంటి దగ్గర ఉండటం వాడి వల్ల కాలేదు.

ఇప్పటిదాకా చదివి, పాపం అన్నయ్య పొరపడ్డాడు, మన మాట బయటివాళ్లకు అర్థం కాదని తెలియక రాశాడు అని నువ్వు అనుకోవచ్చు. నీ మంచితనం నాకు తెలుసు. కుబాట్స్కీ కూడా మొదట అలాగే అనుకున్నాడు. ఐనార్ సైన్యంలో చేరిన వారం అతను ఆఫీసు ఫైల్లో కార్బన్ కాపీ చూసి నా గదిలోకి వచ్చాడు. తలుపు మూశాడు. ఆ మనిషి తలుపు మూసి మాట్లాడటం అదే మొదలు.

“ఇదేంటి ప్రొఫెసరుగారూ? పర్వాలేదా?”

“మావాళ్ల భాషలో అదే గొప్ప మాట, కోచ్. మీకు తెలియదు.”

“నాకు తెలుసు. నాలుగేళ్లుగా మీ ఊళ్లో ఉంటున్నా. నేను నా కూతురి బాప్తిజానికి పిలిస్తే మీ డీన్ వచ్చి, పిల్ల పర్వాలేదన్నాడు. ఇంటికెళ్లి మా ఆవిడకి అర్థం చెప్పుకోవాల్సొచ్చింది. కానీ చదివేవాడు మీవాడు కాదుగా!”

“నాకు తట్టలేదు.”

అప్పుడతను జేబులోంచి రెండో కార్బన్ కాపీ తీసి నా బల్ల మీద పెట్టాడు. అదే వారం, అదే టైపు యంత్రం మీద, అదే నౌకాదళానికి నేను రాసిన ఇంకో సిఫారసు. ఫ్లాటెన్ కొడుకు ఆర్నే కోసం. డీన్ అడిగాడు కాబట్టి రాసింది. ‘అసాధారణ ప్రతిభ, సహజ నాయకత్వం, నిష్కళంక శీలం.’ మూడు పేరాలు. ఆర్నేకి నాయకత్వం కాదు కదా, బూట్ల దారం కట్టుకోవడం సరిగ్గా వచ్చేది కాదు. తీసుకున్నారు వాణ్ణి. యుద్ధమంతా ఇండియానాలో ఒక కాలేజీలో చదువుకుని, పెళ్లి చేసుకుని వచ్చాడు.

“వీడి దగ్గరకొచ్చేసరికి తట్టిందే,” అన్నాడు కుబాట్స్కీ.

రెండు భాషలూ నాకు వచ్చు, రాగ్నా. ఎవరితో ఏ భాష మాట్లాడాలో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ కాలేజీలో లేడు. తెలిసే రాశాను.

ఎందుకో చెబుతాను. ఆ మార్చిలో కాలేజీ అధ్యక్షుడు నన్ను పిలిచి, “శరత్తుకి పద్దెనిమిది మందిని చూపించు, జట్టు ఉంచుతా” అన్నాడు. పెన్సిల్ పట్టుకుని పేర్లు రాశాను. కుంటివాళ్లు, పదిహేడేళ్లవాళ్లు, పాస్టర్లు కాబోయేవాళ్లు. పదిహేడు దగ్గర ఆగింది. నౌకాదళం తీసుకుంటే ఐనార్‌ని పెద్ద విశ్వవిద్యాలయానికి పంపుతారు, వాడు వాళ్ల రంగు చొక్కా వేసుకుని వాళ్లకోసం పరుగెత్తుతాడు. వద్దంటే మీ పొలం పని మీద మినహాయింపు దొరుకుతుంది, రెండు తరగతులకు వస్తాడు, శనివారం ఆడతాడు, ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుంటాడు. పద్దెనిమిదో పేరు వాడిది రాశాను. తరవాత కాగితం మార్చి సిఫారసు టైపు చేశాను.

వాణ్ణి యుద్ధానికి దూరంగా నీ దగ్గర ఉంచాలనే రాశానని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఆ కాగితం టైపు చేస్తున్నప్పుడు నువ్వు నా మనసులో లేవు. ఆదివారం భోజనం ఉంది.

ఆ రోజు కుబాట్స్కీకి ఇదంతా చెప్పలేదు. అతనే ఊహించుకున్నాడు. నా బల్ల మీది పేర్ల జాబితా చూశాడు, పద్దెనిమిదో పేరు దగ్గర వేలు పెట్టాడు. “నా జట్టు కోసమా?” అన్నాడు. “నేను అడిగానా మిమ్మల్ని?” రెండు కాపీలూ అక్కడే వదిలి పోయాడు. నేను వాటిని పొయ్యిలో వేశాను. ఆధారం నా చేతికే ఇచ్చిపోయిన మనిషి, ఏడాది తరవాత చర్చిలో నువ్వు నిలదీస్తే క్షమించండమ్మా అన్నాడు. తన జట్టు కోసం జరిగింది కాబట్టి తప్పు తనదీ అనుకున్నాడో, కొడుకు పోయిన రోజున అన్నను కూడా పోగొట్టకూడదనుకున్నాడో నాకు తెలియదు. ఆ తరవాత అతను ఊళ్లో ఉన్న అయిదేళ్లలో నేను అడగలేదు. అతన్ని తీసేసిన రోజు బోర్డు గది బయట నాకు ఎదురుపడి, “మోకాలు ఎలా ఉంది ప్రొఫెసరుగారూ?” అన్నాడు. అప్పటికే కుంటేవాణ్ణి.

నేను అతన్ని ద్వేషించాను. ముప్పై ఏళ్లు, రోజూ, ఓపిగ్గా ద్వేషించాను. అతని గొంతు, అతని మతం, అతని అద్భుతాలు, ఏవీ వదల్లేదు. నీకు రాసిన ప్రతి ఉత్తరంలో ఏదో ఒక మూల అతని మీద ఒక మాట విసిరాను. తీసి చూసుకో, అన్నీ దాచావు కదా. నా తప్పు తెలిసిన మనిషి బతికి ఉండటం నాకు కష్టంగా ఉండేది. ఆ పుస్తకం కుర్రాడినీ, ఆ బిషప్‌నూ, ఫ్లాటెన్‌నూ ఈ ఉత్తరంలో నాలుగు దెబ్బలు వేశాను. వాళ్లకు అవి చెందవలసినవే, వెనక్కి తీసుకోను. కానీ అదంతా అసలు మాటను వెనక్కి నెట్టడానికే.

నీ ఉత్తరం వచ్చాక అతనికి రాశాను. డులూత్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. గుండె జబ్బు, చక్రాల కుర్చీ. నీకు అంతా చెప్పేస్తున్నానని రాశాను. ఆ మనిషి నుంచి మొన్న శుక్రవారం జవాబొచ్చింది. చేతిరాత ఎంత పెద్దదో, పేజీకి నాలుగు లైన్లు. ‘చెప్పొద్దు ప్రొఫెసరుగారూ. ఆవిడ రాకపోతే రాకపోనివ్వండి, గుడ్డ ఎవరు లాగినా ఊడుతుంది. నాకిది అలవాటైంది. ఈ వయసులో ఆవిడకి కోచ్ అక్కర్లేదు, అన్న కావాలి’ అని రాశాడు.

రెండు రోజులు ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఎంత సుఖమైన మాట! అతనే వద్దంటున్నాడు కదా, ఊరుకోవచ్చు. నువ్వు నీ జాబు పోస్టులో వేస్తావు, పత్రికలో వస్తుంది, అతని మనవలు చదువుతారు, అతను మళ్లీ క్షమించండమ్మా అంటాడు. నేను ఇక్కడ కాఫీ తాగుతూ ఉంటాను. ఇంకోసారి ఆ మనిషి వెనక దాక్కోవడం నాకు చేతకాలేదు. గొప్ప గుణం కాదిది, అలసట. అందుకని చెప్పేశాను.

వేడుకలో నన్ను ప్రసంగించమన్నారు. మాట్లాడనని నిన్ననే కాలేజీకి రాశాను, ఎందుకో కూడా రాశాను. ఐనార్‌కు సిఫారసు రాసిందెవరో, ఏమని రాశారో రేపటికల్లా వాళ్లకు తెలుస్తుంది. నీ జాబు వెళ్లినా వెళ్లకపోయినా అది మారదు. నువ్వొచ్చినప్పుడు మా ఇంటికి రానక్కర్లేదు, సోల్వైగ్‌కి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు మర్యాదకు ఔనంటావు, మనవాళ్లం కదా.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. అక్టోబరు పన్నెండున రా. గుడ్డ లాగిన తరవాత అతని కుర్చీ పక్కన కూర్చుని, ఐనార్ ఎలా ఆడేవాడో చెప్పమని అడుగు. ముప్పై ఏళ్లుగా మనలో ఏ ఒక్కరూ నీ కొడుకు గురించి నీకు ఏమీ చెప్పలేదు. కేకు ముక్కలు పెట్టాం. అతను రెండు పేజీలు రాశాడు, ఎవరూ చదవలేదు. అవన్నీ అతనికి ఇంకా గుర్తే, నాకు తెలుసు. ఏ ఆటలో, ఏ గీత దగ్గర, ఎన్ని అడుగులు పరుగెత్తాడో చెబుతాడు. చేతులు ఊపుతూ చెబుతాడు. పక్కవాళ్లు తిరిగి చూస్తారు, సిగ్గుపడకు. ఆపొద్దు. పూర్తిగా చెప్పనివ్వు.

ఇట్లు,
నీ అన్న
సిగ్వర్డ్